బరంపురం కోర్టుపేట "మేడ మీద టైపింగు": అమెరికా వీసా కాగితాలకు నాలుగు స్టార్లు

ఒడిషాలోని బరంపురం కోర్టుపేటలో నోటరీలు బల్లలు వేసుకుని కూర్చునే వరస వెనక, ఇరుకు మెట్లెక్కితే ఒక టైపింగు షాపు వస్తుంది. బోర్డు మీద షాపు పేరు ఎండకి వెలిసిపోయింది. ఒడియా, ఇంగ్లీషు, తెలుగు అని మూడు లిపుల్లో రాసినవి మాత్రం ఇంకా కనిపిస్తాయి. "మేడ మీద టైపింగు" అని అడిగితే కింద టీ కొట్టువాడు చూపిస్తాడు. మా అమ్మాయి అమెరికా ఇమిగ్రెంట్ వీసాకి ఇండియా నుంచి కావలసిన కాగితాలన్నీ నేను ఇక్కడే చేయించాను. వీసా వచ్చింది. నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది ఎందుకు ఇవ్వలేదో కూడా చెబుతాను.

నేను పోస్టాఫీసు కౌంటరులో పనిచేసి రిటైరయిన మనిషిని. సీలు సగం పడిన ఫారాలు, సంతకం మరిచిపోయిన మనియార్డర్లు చూసి చూసి కళ్లు కాయలు కాచాయి. కాగితం విషయంలో నా దగ్గర మార్కులు తేలిగ్గా పడవు.

మా అల్లుడు గారు అమెరికా పౌరుడు, కానీ ఉద్యోగం సింగపూర్‌లో. 2024లో పెళ్లయ్యాక అమ్మాయి కూడా అక్కడికే వెళ్లింది. ఆ తరవాత ఇద్దరూ అమెరికాలో స్థిరపడాలనుకున్నారు. అంటే భార్యకి వీసా ఇమ్మని పిటిషన్ వేసే భర్త ఉన్నదీ అమెరికా బయటే, వీసా కావలసిన భార్య ఉన్నదీ సొంత దేశం బయటే. కాగితాలేమో ఇక్కడ, నా నెత్తిన.

మొదట విశాఖపట్నంలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. ఏసీ గది, గాజు తలుపు, ప్యాకేజీ ఎనభై వేలు. పిటిషన్ వెయ్యాలంటే అల్లుడు గారు అమెరికా వెళ్లి కొన్నాళ్లు కాపురం ఉండి తీరాలన్నారు. కుదరకపోతే డాలస్‌లో ఉన్న వాళ్ల అన్నగారి అడ్రసునే ఈయన ఇల్లుగా రాసేద్దాం, ఎవరు చూడొచ్చారు అన్నారు. అమ్మాయి ఫోనులో స్పీకరు మీద వింటోంది. "అమ్మా, నువ్వు లేచి వచ్చెయ్" అంది. వచ్చేశాను.

ఐ-130 అనే ఆ పిటిషన్‌ని అమెరికా పౌరుడు ఏ దేశంలో ఉన్నా ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని ఫీజు ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. అల్లుడు గారు సింగపూర్‌లో సోఫాలో కూర్చునే వేశారు, ఉన్న అడ్రసు ఉన్నట్టు రాసి. అబద్ధం చెప్పి వీసా తెచ్చుకోబోయారని తేలితే ఆ మనిషికి జన్మలో వీసా రాకుండా పోయే చట్టం అమెరికాలో ఉంది. ఎనభై వేలు అడిగి ఆ కన్సల్టెన్సీ చూపించిన దారి అది.

ఇక మేడ మీద షాపు. ఓనరు ఒడియా ఆయన, అరవై దాటి ఉంటాయి. తెలుగు మనలాగే మాట్లాడతాడు, మధ్యమధ్య ఒడియా మాట దొర్లుతుంది. నేను సంచీ విప్పబోతే ఆపి, "ఏ కాగితం కావాలని ఎవరు అడిగారో, ఆ అడిగిన కాగితం ముందు చూపించండమ్మా" అన్నాడు. అమ్మాయి పంపించిన, అమెరికా వీసా వాళ్ల సూచనల ప్రింటు ఇచ్చాను. కళ్లజోడు నుదుటి మీదకి ఎత్తి మొత్తం చదివాడు. చదివి, "కాగితాలు నేను చేస్తాను. వీసా వస్తుందా, ఎప్పుడొస్తుంది, ఇంకేం పెట్టాలి, ఇవి నన్ను అడగొద్దు. నాకు తెలీదు. అది మీ అల్లుడు గారు చూసుకోవాలి" అన్నాడు. నాకు తెలీదు అన్న మాట ఆ విశాఖ గదిలో ఒక్కసారి కూడా వినపడలేదు. అక్కడే ఆయనకి రెండు స్టార్లు పడ్డాయి.

ఇప్పుడు మా అమ్మాయి కాగితాల గొడవ. నా పుట్టిల్లు ఇచ్ఛాపురం. బరంపురానికి పాతిక కిలోమీటర్లుంటుంది, కాకపోతే మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లాను. 1996లో మంత్రసాని చేతుల మీద ఇంట్లోనే పుట్టింది. పుట్టుక నమోదు చేయించాలని ఆ హడావిడిలో ఎవరికీ తోచలేదు. చదువంతా ఇక్కడ, ఒడియా స్కూల్లో. పదో తరగతి సర్టిఫికెట్టు కటక్ బోర్డుది. పెళ్లి సింహాచలంలో, రిజిస్ట్రేషన్ విశాఖలో. ఒక్క పిల్ల, రెండు రాష్ట్రాలు, మూడు లిపులు. సరిహద్దులో బతికే మనకి ఇది మామూలే. పర్లాకిమిడిలో ఇల్లు, పాతపట్నంలో పొలం ఉన్నవాళ్లని అడగండి, ఇంతకన్నా పెద్ద కథలు చెబుతారు.

జనన ధ్రువపత్రం లేదు కదా. కన్సల్టెన్సీ వాళ్లు ఇప్పుడు కొత్తగా రిజిస్టరు చేయించేయమన్నారు. ఏడాది దాటిపోయిన పుట్టుకని నమోదు చెయ్యాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023లో చట్టం సవరించాక ఆ అధికారం కలెక్టరు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు వంటి వాళ్లకి వచ్చింది. మా షాపాయన దీనికి అడ్డు చెప్పలేదు గానీ, "చేయించొచ్చు. కానీ నిన్న పుట్టిన సర్టిఫికెట్టు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, మళ్లీ పాత ఆధారాలే అడుగుతారు. ఈ ప్రింటులో రికార్డు లేకపోతే లేదనే కాగితం తెమ్మని ఉంది. అదే తెద్దాం" అన్నాడు. నిజంగానే ఉంది. మన దేశంలో పుట్టినవాళ్లకి సర్టిఫికెట్టు దొరకకపోతే, పుట్టిన ఊరి అధికారి రికార్డు లేదని ఇచ్చిన నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్టు, దానికి తోడు స్కూలు రికార్డు, పుట్టుక సంగతి తెలిసిన పెద్దవాళ్ల అఫిడవిట్లు పెట్టవచ్చు.

ఇచ్ఛాపురం మున్సిపాలిటీకి దరఖాస్తు తెలుగులో రాయాలి. అందుకు షాపులో సోంపేట అమ్మాయి ఒకతె ఉంది, చక్కటి చెయ్యి. టైపు చేసి ఇస్తే పట్టుకెళ్లాను. అక్కడ పాత రిజిస్టర్లు తిరగేసి లేదని రాసివ్వడానికి వాళ్లకి పట్టిన టైము సంగతి వదిలేయండి, అది షాపు తప్పు కాదు.

అఫిడవిట్ల దగ్గర అసలు తమాషా. ఫలానా తేదీన, ఫలానా ఇంట్లో, ఈ పిల్లని నేనే కన్నాను అని స్టాంపు పేపరు మీద ప్రమాణం చెయ్యాలి. పాతికేళ్లు దాటిపోయాక ఇదేం ప్రమాణం అని నాకు నవ్వొచ్చింది. రెండో అఫిడవిట్‌కి మా పెద్దక్కని తీసుకొచ్చాను. "కన్నది నువ్వు, సంతకం నాదేమిటే" అంది. పక్కనే ఉన్నావు కదా అన్నాను. "నేనెక్కడున్నాను? నేను వంటింట్లో వేణ్నీళ్లు కాస్తున్నాను. ఏడుపు వినపడితే పరిగెత్తుకొచ్చాను" అని నోటరీ గారి ముందే చెప్పేసింది. అప్పటికే టైపు చేసిన కాగితంలో "ప్రసవ సమయంలో నేను గదిలో ఉన్నాను" అని ఉంది. ఇంకెవరైనా అయితే పోనివ్వమ్మా, ఎవరు చూస్తారు అని సంతకం పెట్టించేవాళ్లే. మా షాపాయన కాగితం వెనక్కి తీసుకున్నాడు. మెట్లెక్కి వెళ్లి, "ఆ రోజు అదే ఇంట్లో ఉన్నాను, బిడ్డ పుట్టిన వెంటనే కళ్లారా చూశాను" అని మార్చి, కొత్త స్టాంపు పేపరు మీద తెచ్చాడు. ఆ స్టాంపు డబ్బులు కూడా తనే వేసుకున్నాడు. పైగా "అమ్మగారు వంటింట్లో ఉంటే ఇంకా మంచిది, నమ్మేలా ఉంటుంది" అని మా అక్కని మెచ్చుకున్నాడు. అక్క ఇప్పటికీ ఈ వీసా తన వల్లే వచ్చిందంటుంది.

పేర్ల గొడవ ఒకటుంది, ఒడిషాలో చదివిన తెలుగు పిల్లలందరికీ పనికొస్తుంది కనక కాస్త వివరంగా రాస్తాను. మా ఇంటిపేరు 'వ'తో మొదలవుతుంది. ప్రైమరీ స్కూలు టీసీలో ఒడియాలో అది 'బ' అయి కూర్చుంది. ఇక్కడ వెంకటరావులు బెంకటరావులు, విశ్వనాథాలు బిశ్వనాథాలు కాని ఇల్లు లేదు. పాస్‌పోర్టులో మాత్రం సరిగ్గా వీ అక్షరమే ఉంది. టీసీని ఇంగ్లీషులోకి అనువదించేటప్పుడు షాపులో కొత్తగా చేరిన కుర్రాడు పాస్‌పోర్టు చూసి, మనకి మేలు చేద్దామని వీ అని కొట్టేశాడు. ఓనరు చూసి చింపేశాడు. "కాగితంలో బీ ఉంటే బీ అనే రాయాలి. అసలు చేతిలో పెట్టుకుని సరిచూసేవాడికి మన మంచితనం దొంగతనంలా కనిపిస్తుంది" అని కుర్రాణ్ని కేకలేశాడు. అనువాదంలో ఉన్నది ఉన్నట్టు ఉంచి, ఆ పేరూ ఈ పేరూ ఒక్కరివే అని విడిగా ఒక అఫిడవిట్ చేశారు. పద్ధతి అదే.

అనువాదం చేసిన మనిషి కింద ఒక ధ్రువీకరణ రాయాలి. నాకు ఈ రెండు భాషలూ వచ్చు, ఈ అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉంది అని పేరు, తేదీ, సంతకంతో. చాలా షాపుల్లో గుండ్రటి స్టాంపు ఎర్రగా వేసి ఇచ్చేస్తారు, ఈ నాలుగు ముక్కలు రాయరు. అమెరికా వాళ్లు చూసేది స్టాంపుని కాదు, ఆ నాలుగు ముక్కల్నే. ఇక్కడ అడక్కుండానే రాశారు. పెళ్లి సర్టిఫికెట్టు కూడా ఇచ్చాను అనువాదానికి. "ఇది ఇంగ్లీషులోనే ఉంది కదమ్మా, దీనికి డబ్బులెందుకు" అని తిప్పి ఇచ్చేశాడు.

షాపులో పక్క కుర్చీల కబుర్లతో మాత్రం జాగ్రత్త. ఛత్రపురం నుంచి వచ్చిన ఒకాయన, వాళ్లబ్బాయికి గ్రీన్ కార్డు ఉందట, కోడలి వీసా ఏళ్లు పడుతుంది, మీదీ అంతే అని నన్ను హడలగొట్టాడు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు, ఒకటే టెన్షన్. తరవాత అమ్మాయి చెప్పింది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల భార్యాభర్తలకి ఏడాదికి ఇన్నే వీసాలని లెక్కుంటుంది, క్యూ ఉంటుంది. పౌరుల భార్యాభర్తలకి ఆ లెక్క లేదు. పిటిషన్ పరిశీలనకి నెలలు పట్టినా, ఆ క్యూ మాత్రం మాకు లేదు. ఓనరు ఆయనతో "మీ కేసు మీది, వాళ్ల కేసు వాళ్లది" అని అప్పుడే అన్నాడు గానీ నేను పట్టించుకోలేదు.

షాపు పని కాకపోయినా, బయట ఉండి అప్లై చేసేవాళ్లకి అసలు మెలిక ఎక్కడుందో చెప్పకపోతే ఇది అరకొరగా ఉంటుంది. పిటిషన్ ఆమోదమయ్యాక కేసు నేషనల్ వీసా సెంటర్‌కి వెళుతుంది. అక్కడ వీసా ఫీజు 325 డాలర్లు, పోషణ పూచీ పత్రం పరిశీలనకి 120. ఈ పూచీ పత్రం పేరు ఐ-864. భార్యని నేను పోషించగలను, ప్రభుత్వం మీద పడనివ్వను అని భర్త రాసివ్వాలి. అతని ఆదాయం అక్కడి పేదరికపు గీతకి 125 శాతమైనా ఉండాలి. అల్లుడు గారి జీతానికి లోటేం లేదు, కానీ అది సింగపూర్ జీతం. అమెరికా వెళ్లాక ఆగిపోయే జీతం లెక్కలోకి రాదు. అందుకని డాలస్‌లో ఉన్న వాళ్ల అన్నగారు జాయింట్ స్పాన్సర్‌గా, అంటే తోడు పూచీదారుగా, ఇంకో ఐ-864 మీద సంతకం పెట్టారు.

అంతటితో అయిపోలేదు. పూచీ ఇచ్చే భర్తకి అమెరికాలో నివాసం ఉండాలి. లేకపోతే భార్యతో పాటో, ముందో వెళ్లి అక్కడ కాపురం పెట్టబోతున్నాడని రుజువు చూపించాలి. అన్నగారి సంతకం దీనికి బదులు కాదు. కన్సల్టెన్సీ వాళ్లు బదులవుతుందని ఢంకా బజాయించి చెప్పారు. అల్లుడు గారు అక్కడి బ్యాంకు ఖాతా, మానకుండా వేస్తూ వచ్చిన టాక్స్ రిటర్నులు, డాలస్‌లో ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ ఉత్తరం, సామాను ఓడలో పంపడానికి తీసుకున్న కొటేషన్ పెట్టారు. పౌరుడు ఏ దేశంలో ఉన్నా అమెరికాకి టాక్స్ రిటర్ను వెయ్యాలట. ఆయన వేస్తూ వచ్చారు కనక బతికాం. మానేసి కూర్చున్న అల్లుళ్లెవరైనా ఉంటే ముందు ఆ పని చూసుకోమనండి.

పోలీసు సర్టిఫికెట్లు అమ్మాయి అక్కడే తెచ్చుకుంది. ఇండియాది భారత హైకమిషన్ ద్వారా, సింగపూర్‌ది అక్కడి పోలీసుల నుంచి. మెడికల్, ఇంటర్వ్యూ కూడా సింగపూర్‌లోనే. ఇంటర్వ్యూలో ఆఫీసరు మున్సిపాలిటీ కాగితం, టీసీ అనువాదం, రెండు అఫిడవిట్లూ తిరగేసి, ఈ పెద్దమ్మ ఎవరు, ఎక్కడుంటారు అని అడిగిందట. ఇచ్ఛాపురం అని చెబితే సరే అంది. కాగితాల మీద ఇంకో ప్రశ్న రాలేదు.

ఒక చిన్న లెక్క మాత్రం అల్లుడు గారు భలే వేశారు. పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికాలో దిగితే రెండేళ్ల షరతులతో గ్రీన్ కార్డు ఇస్తారు, తరవాత మళ్లీ అప్లై చేసి ఆ షరతులు తీయించుకోవాలి. రెండేళ్లు నిండాక దిగితే మొదటే పదేళ్లది. లెక్క వీసా వచ్చిన రోజుది కాదు, దిగిన రోజుది. వీసా గడువు మామూలుగా ఆరు నెలల వరకు ఉంటుంది కనక, పెళ్లిరోజు దాటేలా టికెట్లు తీసుకున్నారు.

ఇక ఐదో స్టారు పోయిన కథ. టీసీ మొదటి అనువాదంలో వెనక వైపు హెడ్‌మాస్టరు రాసిన రిమార్కు, గుండ్రటి సీలులోని అక్షరాలు వదిలేశారు. నేను పట్టుకుంటేనే చేర్చారు. డబ్బులు అడగలేదు గానీ, నేను పోస్టాఫీసు మనిషిని కాకపోతే అది అలాగే సింగపూర్ వెళ్లిపోయేది. స్కానింగు కూడా అంతే. రెండు వైపులా తియ్యాలి, ఒక డాక్యుమెంటు ఒకే ఫైలుగా ఉండాలి అంటే, పేజీకో ఫైలు చేసి పెన్‌డ్రైవులో పోశారు, అందులో రెండు తలకిందులు. ఫోను ఎత్తరు. రసీదు ఇవ్వరు. అడిగితే విజిటింగు కార్డు వెనక అంకె రాసిస్తారు. అనువాదం చేసే ఆయన మధ్యాహ్నం మూడు దాటితే గానీ రాడు. మెట్లకి కమ్మీ లేదు. మా అక్క మోకాళ్లతో ఎక్కలేనంటే నోటరీ గారి బల్ల దగ్గరికే కాగితాలు దింపారు, ఆ మాటా చెప్పాలి.

రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర, అంటే ఊరి అమ్మవారి జాతర, జరిగే నెలలో అసలు వెళ్లకండి. 2025 యాత్రప్పుడు నాకు పని పడింది. ఊరు ఊరంతా వేషాలు, మొక్కులు. ఓనరు ఉన్నా పనివాళ్లు ఉండరు. మన పేరు మార్చేసిన ఆ కుర్రాడు సాయంత్రం పులి వేషం కట్టాలని, మెడ మీద పసుపు రంగు పూసుకునే వచ్చి టైపింగుకి కూర్చున్నాడు. కీబోర్డు నిండా పసుపు. ఆ రోజు అఫిడవిట్ టైపు చేయించుకోకుండా వచ్చేశాను.

రేట్లు: నేను వెళ్లినప్పుడు అనువాదం పేజీకి రెండొందలు, అఫిడవిట్ టైపింగు నూట యాభై, స్టాంపు పేపరు, నోటరీ ఫీజు వేరే. అన్నీ కలిపినా కన్సల్టెన్సీ అడ్వాన్సులో మూలకి రాదు.

వెళ్లేవాళ్లు ఉదయం పదకొండు లోపు వెళ్లండి, తరవాత కోర్టు జనంతో మెట్ల మీదే నిలబడాలి. పాస్‌పోర్టు జిరాక్సు, అసలు కాగితాలు, అడిగిన కాగితం ప్రింటు మూడూ పట్టుకెళ్లండి. పేర్ల స్పెల్లింగులు ముందే ఒక కాగితం మీద రాసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు, పెళ్లి కాగితాల కన్నా ముందు పాస్‌పోర్టే సరిచేయించుకోండి. ఒకే పేరు ఉంటే అమెరికా వాళ్లు దాన్ని ఇంటిపేరుగా తీసుకుని, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దానర్థం. ఒరిజినల్స్ చేతికొచ్చాకే లెక్క తేల్చండి. వాటిని బల్ల మీద వదిలి టీకి దిగకండి. అక్కడ ఫ్యాను స్పీడు ఎక్కువ.